సగంలో ఆగిన కట్టు

"లే ముందు. ఆ కాలు పక్కన పెట్టి లే."

నిర్మలమ్మ గడప దాటలేదు. చేతిలో సంచీ చేతిలోనే ఉంది. నల్లగొండ బస్టాండు నుంచి ఆమెను తెచ్చిన ఆటో వీధిలో ఇంకా గుడగుడమంటూనే ఉంది.

త్రివేణి లేవలేదు. ఏడో నెల కడుపుతో మంచం చివర కూచుని ఉంది. ఆమె ఒడిలో మడత పెట్టిన దుప్పటి, దుప్పటి మీద అత్త సుక్కమ్మ కుడికాలు. వేళ్ళ దగ్గర మొదలైన కట్టు మడమ తిరిగి, చీలమండ దాటి, పిక్క సగం దాకా వచ్చి ఆగింది. మిగిలిన పట్టీ చుట్ట త్రివేణి గుప్పిట్లో ఉంది.

"పది నిమిషాలు కూసో అమ్మా. దీన్ని సగంల ఆపొద్దు."

"మొన్న ఫోన్ల ఏమన్నవే నాతోటి? అత్తమ్మ నన్ను కాలు కింద పెట్టనిస్తలేదు అన్నవు. ఎవరి కాలు కింద పెట్టనిస్తలేదో ఇప్పుడు సూస్తున్న."

సుక్కమ్మ కాలు వెనక్కి లాక్కోబోయింది. త్రివేణి మడమ గట్టిగా పట్టుకుని కదలనివ్వలేదు.

"లోపటికి రా ఒదినె. నీళ్ళు తాగు" అంది సుక్కమ్మ.

"నీళ్ళు తర్వాత. ముందు నా బిడ్డను ఇడువు."

"నన్నెవరు పట్టుకోలే అమ్మా. నేనే పట్టుకున్న" అంది త్రివేణి. "ఈ బోదకాలు అంటుకునే రోగం కాదు. దోమ కుడితె వస్తది. కాలు ముట్టుకుంటె రాదు. నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పింది."

"ఆ నర్సమ్మ కడుపుల పిల్ల ఉన్నదా?"

త్రివేణి చేతిలోని పట్టీ చుట్టను బిగించి పట్టుకుంది.

"నేను వద్దనే అన్న ఒదినె" అంది సుక్కమ్మ మెల్లగా. "మొదటి రోజే వద్దన్న."

"వద్దన్నదానివి కాలు ఎందుకు చాపినవు?"

సుక్కమ్మ కోడలి ఒడిలోని కాలివైపు చూసుకుంది.

వద్దని ఆమె నిజంగానే అంది. ఆరు నెలల కిందట మండలం దవాఖాన నుంచి నర్సు ప్రవళిక ఇంటికి వచ్చింది. కాలు ఎలా కడగాలో, ఎలా తుడవాలో, పట్టీ ఎలా చుట్టాలో చూపించి "ఇంట్ల ఎవరు నేర్చుకుంటరు?" అని అడిగింది. కొడుకు మల్లేశ్ గొర్ల దగ్గరికి పొద్దు పోతోందన్నాడు. మొగడు గుర్వయ్య అప్పటికే దొడ్డి వైపు నడిచాడు. పెళ్ళయి ఏడాది కూడా నిండని త్రివేణి "నేను నేర్చుకుంట" అని ముందుకొచ్చింది. సుక్కమ్మ చీర కుచ్చిళ్ళు లాగి కాలు కప్పుకుంది.

పదకొండేళ్ళుగా ఆ కాలిని ఎవరూ ముట్టలేదు. పెళ్ళిళ్ళకు పోతే సుక్కమ్మ గోడవారగా, చెప్పుల పక్కన కూచునేది. పిల్లలు వెనకనుంచి ఏనుగుకాలు అనుకుంటే వినపడనట్టు ఉండేది. ఆ రోజు త్రివేణి సబ్బునీళ్ళతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ కడిగి, మెత్తటి బట్టతో అద్ది, పగిలినచోట మందు రాస్తుంటే గోడవైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. నొప్పి అనుకుని పిల్ల చెయ్యి తీసేసింది. నొప్పి కాదు.

అంతకుముందు నెలకోసారి చలిజ్వరం వచ్చి, గజ్జలో బిళ్ళ కట్టి, మూడు రోజులు మంచం పట్టేది. ఈ ఆరు నెలల్లో ఒక్కసారే వచ్చింది. త్రివేణి చీలమండ చుట్టూ ఉన్ని దారం పెట్టి కొలిచేది. ఆ దారం నాలుగు వేళ్ళు పొట్టిదైంది. పొద్దున్నే కోడలు పట్టీల డబ్బా పట్టుకుని రావడం కోసం సుక్కమ్మ కళ్ళు తెరుచుకుని పడుకునేది. ఇదంతా నిర్మలమ్మకు ఏమని చెప్తుంది?

దొడ్డి నుంచి గుర్వయ్య వచ్చాడు. కొడుకు మందను హుజూర్‌నగర్ వైపు కోసిన వరి పొలాలకు తోలుకుపోయాడు. మోకాళ్ళు సాగక గుర్వయ్య ఈనిన నాలుగు గొర్లతో ఇంటి దగ్గరే ఉండిపోయాడు. వాకిట్లో ఆటోను, గడపలో వియ్యపురాలిని చూసి భుజం మీది గొంగడి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చినవు చెల్లె? బయటనే నిలవడ్డవేంది?"

"అన్నా, ఒక మాట అడుగుత. నీ పెండ్లానికి కట్టు కట్టేటందుకు నా బిడ్డనే దొరికిందా? నీ చేతులేమైనయ్?"

గుర్వయ్య ఆమె వైపు చూడలేదు. సుక్కమ్మ వైపూ చూడలేదు. గొంగడిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"అట్ల మామను అనకు" అంది త్రివేణి. "నేను తొమ్మిదో నెల దాక ఈడనే ఉంట. అప్పుడొచ్చి తీసుకపో."

"అయితె నేను గూడ ఈడనే కూసుంట. నువ్వు లేచిన్నాడే లేస్త."

నిర్మలమ్మ సంచీ కింద పెట్టి గడప మీదే కూలబడింది. చెప్పులు విడిచి, ఎడమ పాదం చేత్తో ఒకసారి రాసుకుంది.

సుక్కమ్మ చూపు ఆ పాదం మీద పడింది.

చెప్పు పట్టీ ఉన్నచోట పాదం పైన అడ్డంగా ఒక గుంట. జొన్నపిండి ముద్ద మీద వేలు పెట్టి లాగితే పడేంత లోతు. కుడిపాదం మీద అలాంటిదేమీ లేదు, దుమ్ము చార తప్ప. బాగున్న పాదం మీద పట్టీ అచ్చు చెప్పు విడిచిన కాసేపటికే పోతుంది. ఈ గుంట పోవడం లేదు. నిర్మలమ్మ కూతురిని తిడుతూనే ఉంది, త్రివేణి జవాబులు చెబుతూనే ఉంది. గుంట అట్లాగే ఉంది.

సుక్కమ్మ పదకొండేళ్ళ కిందటి తన పాదాన్ని ఎవరో తెచ్చి ఎదురుగా పెట్టినట్టు చూస్తూ ఉండిపోయింది.

నిర్మలమ్మ మాట మధ్యలో ఆగింది. సుక్కమ్మ చూపు ఎక్కడుందో కనిపెట్టి చీర అంచు చటుక్కున కిందికి లాగింది.

"ఏం సూస్తున్నవు?"

"ఏం లేదు ఒదినె."

"నీ కాలు సూసుకో చాలు."

ఆ గొంతులో కోపం ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది. సుక్కమ్మ ఆ రెండో దాన్ని గుర్తుపట్టింది. ఎందరో తన కాలివైపు చూసినప్పుడు తన గొంతులోనూ అదే పలికేది.

ఆమె కాలు లాగేసుకుంది. ఈసారి త్రివేణి ఆపలేకపోయింది.

"పో బిడ్డా. అమ్మ అంత దూరం నుంచి వచ్చింది. తోలుకపో ఒదినె."

"అత్తమ్మా. సగమే అయింది."

"చాలు. పో."

"నువ్వు గూడ పొమ్మంటున్నవా?"

సుక్కమ్మ తల పక్కకు తిప్పుకుంది. పొమ్మన్నది సిగ్గుతోనా, ఆ పాదాన్ని దినాం చూసే కన్ను ఒకటి ఉండాలనా, ఆమెకే తెలియలేదు.

అరగంటలో త్రివేణి బట్టలు సర్దుకుంది. ఆటో ఎక్కాక తల బయట పెట్టి, తల్లి పక్కనే ఉన్నా లెక్కచెయ్యకుండా మామను పిలిచింది.

"మామా. ఆ సగం కట్టు అట్లనే ఉంచొద్దు. పైన ఉబ్బుతది. మొత్తం ఇప్పి, మళ్ళ వేళ్ళ కాడి నుంచి కట్టాలె. కింద గట్టిగ, పైకి పోయిన కొద్ది వదులు. జ్వరం వస్తె మాత్రం కట్టు తీసెయ్యి. నువ్వే కట్టాలె మామా. ఇంకెవరు లేరు."

ఆటో పోయింది. పోయేదాకా నిర్మలమ్మ ఎడమకాలు చీర కిందనే దాచుకుని కూచుంది.

*

గంట గడిచేసరికి త్రివేణి చెప్పినట్టే అయింది. కట్టు ఆగినచోట పైన కండ ఉబ్బి, పట్టీ అంచు లోపలికి కోస్తోంది. సుక్కమ్మ వంగి విప్పబోయింది. మోకాలు మడవడం రాదు, చెయ్యి పిక్క దాకా కూడా పోలేదు. రెండోసారి వంగింది. ఊపిరాడక గోడకు ఒరిగింది.

గుర్వయ్య లోపలికి వచ్చాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చినట్టున్నాడు, నీళ్ళు కారుతున్నాయి.

"కాలు చాపు."

"ఎందుకు?"

"కట్టు కడ్త."

"పో అవతలికి. మొగోడివి పెండ్లాం కాళ్ళు పట్టుకుంటవా? పాపం నాకు తాకుతది."

"పాపం సంగతి తర్వాత సూద్దాం. పైన ఎట్ల ఉబ్బుతాందో సూడు."

"పక్కింటి పోచయ్య కోడలును పిలు."

"ఆమెకు వచ్చా?"

సుక్కమ్మ చీర కుచ్చిళ్ళు కాలి మీదికి లాక్కుంది.

"కాలు ఇరిగిన గొర్రెపిల్లకు నేను కట్టిన కట్టు ఎప్పుడన్న జారిందా?"

"నేను గొర్రెనా?"

"గొర్రె అయితె నాతోని ఇంత లొల్లి పెట్టుకోదు."

ఇంకోనాడైతే ఆమె నవ్వేదేమో. ఇవాళ నవ్వలేదు. కానీ కాలు చాపింది.

గుర్వయ్య మంచం చివర, కోడలు కూచున్న జాగాలోనే కూచున్నాడు. దుప్పటి మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలును రెండు చేతులా ఎత్తి దాని మీద పెట్టుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

కట్టు అంతా విప్పాడు. వేళ్ళ సందుల్లో తడి ఉందేమో బట్టతో అద్ది చూశాడు. మెత్తటి నూలు తొడుగు ఎక్కించాడు, దాని మీద దూదిచుట్ట వేశాడు. తర్వాత పట్టీ తీసుకుని వేళ్ళ మొదళ్ళ దగ్గర రెండు చుట్లు వేసి, మడమకు అడ్డంగా తిప్పాడు. చీలమండ మీద పట్టీ మడత పడితే విప్పి మళ్ళీ వేశాడు.

"మడత ఉండొద్దు. చర్మం నలుగుతది" అంది సుక్కమ్మ.

"తెలుసు."

"అట్ల లాగకు. ఎంత బిగువు కావాల్నో పట్టీనే లాక్కుంటది. సగం మీద సగం పడాలె."

"గిట్లనా?"

"ఆఁ. పిక్క కాడికి వచ్చినంక జర వదులు చెయ్యి."

అతను చుట్టు చుట్టుకూ ఆగి పట్టీ అంచు కింద వేలు దూర్చి చూసుకుంటున్నాడు. మంద వెంట తిరిగిన యాభై ఏళ్ళ చేతులు. ఎంత బిగువుంటే నిలుస్తుందో, ఎంత బిగువుంటే నెత్తురు ఆగుతుందో ఎవరూ చెప్పకుండానే వాటికి తెలుసు. ఇంత బాగా వచ్చిన చేతులు ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయాయి? ఆ ప్రశ్న అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని సుక్కమ్మ వేరే మాట ఎత్తింది.

"నిర్మలమ్మ ఎడమ పాదం సూసినవా?"

"ఆడోళ్ళ పాదాలు నేనెందుకు సూస్త?"

"గుంట పడ్డది. చెప్పు ఇడిచి అంతసేపు కూసున్నది, గుంట పోలే. నాకు మొదలైనప్పుడు గట్లనే ఉండె."

పట్టీ ఆగింది.

"ఆమెకు చెప్పాలె" అంది సుక్కమ్మ.

"చెప్పకు."

"ఎందుకు?"

"ఆమె నోరు నీకెరుకే కద. మీ ఇంటికి వచ్చిపోయినంక వచ్చింది, నీ కాలే నాకు అంటిచ్చినవు అంటది. ఊరంత చెప్తది. పిల్లను మళ్ళ పంపదు. పుట్టెటోళ్ళను మనం సూడొద్దా?"

"నన్నేమన్న అననియ్యి."

"నిన్నని ఊకుంటదా? మల్లేశ్ సంసారం ఏమైతది? ఎండకు వచ్చింది, ఆటోల కాళ్ళు ఏలేసుకొని కూసున్నది. పొంగిందేమో."

"పొంగితె రెండు కాళ్ళు పొంగుతయ్. ఒక్కటే పొంగుతదా?"

"మొదట్ల అట్లనే ఉంటది. సందెకు పొంగుతది, తెల్లారేవరకు తగ్గుతది. ఒక వానకాలం పోతది, ఇంకో వానకాలం పోతది. ఎన్నడో ఒకనాడు తగ్గుడు ఆగుతది."

అన్నాక, అన్న మాట తన చెవినే పడి గుర్వయ్య బిగుసుకుపోయాడు.

సుక్కమ్మ అతన్నే చూస్తోంది.

"నీకెట్ల ఎరుక?"

గుర్వయ్య పట్టీ చుట్టను వేళ్ళతో తిప్పాడు.

"నాకు తెల్లారి తగ్గుతుండెనని నేను నీతోని ఎన్నడు చెప్పలే. వరిల నిలవడి నిలవడి పొంగుతాందనుకొని నాలోనే పెట్టుకున్న. నీకెట్ల ఎరుక?"

దొడ్డిలో గొర్రెపిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి. గుర్వయ్య అటు తల తిప్పాడు, మళ్ళీ ఇటు తిప్పాడు.

"మా అమ్మకు ఉండె" అన్నాడు.

"మీ అమ్మ జ్వరంతోని పోయిందన్నవు."

"జ్వరమే. కాలు నుంచి లేచిన జ్వరం. నువ్వు ఈ ఇంటికి రాకముందే పోయింది. పెండ్లి మాటలప్పుడు ఎవరు ఎత్తలే. నేను ఎత్తలే."

"తర్వాత ముప్పై ఏండ్లున్నది కద చెప్పేటందుకు."

గుర్వయ్య పట్టీ చుట్టను రెండు అరచేతుల మధ్య పట్టుకుని మాట్లాడాడు. కాలితో మాట్లాడుతున్నట్టు తల వంచుకునే ఉన్నాడు.

"మందను పానగల్ కాలువ మీద ఆపిన ఏడు యాదికున్నదా? నువ్వు సద్ది తెచ్చినవు. కాళ్ళు కడుక్కుంటందుకు పట్టగొలుసులు తీసినవు. కుడికాలు మీద గొలుసు అచ్చు అట్లనే నిలవడ్డది. నేను సద్ది తిన్న దాక ఉండె. నువ్వు గిన్నె కడుక్కొని మూట కట్టుకున్న దాక ఉండె."

"సూసినవా?"

"సూసిన."

"అదేందో తెల్వక ఊకున్నవా?"

"తెలిసే ఊకున్న."

సుక్కమ్మ గోడ నుంచి వీపు ఎత్తి నిటారుగా కూచుంది.

"నోటితోని అంటె నిజమైతదేమో అనుకున్న" అన్నాడు గుర్వయ్య. "రేపు పోతదేమో, ఎల్లుండి పోతదేమో అని సూసిన. పోకపాయె. అప్పుడు చెప్తె, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అంటవని భయమాయె. గట్ల గట్ల..."

"గట్ల పదకొండేండ్లు."

"ఆఁ."

"మంచం దొడ్డికాడ ఏసుకున్నది అందుకేనా?"

"నీ కాలు కండ్ల పడ్డప్పుడల్ల నేను ఊకున్నది యాదికొచ్చేది. అసయ్యం కాదు సుక్కా. నువ్వు అసయ్యం అనుకుంటున్నవని నాకు ఎరుకనే. అది గూడ చెప్పలే."

ఆమె ఏడవలేదు. అరవలేదు. ఇన్నేళ్ళు ఆమె దేవుణ్ణి తిట్టుకుంది, దోమను తిట్టుకుంది, కిందటి జన్మలో ఏ పాపం చేశానోనని తనను తాను తిట్టుకుంది. ఎన్నో రోజులు దొడ్డిలో వెలిగే బీడీ నిప్పును చూస్తూ, నా కాలు వాసనకే ఈ మనిషి దూరం పోయాడని నమ్మింది. ఆ నమ్మిక మీదనే బతుకంతా పేర్చుకుంది. ఇప్పుడది కాదంటే మిగిలినదాన్ని ఎక్కడ నిలబెట్టుకోవాలి?

"ఇంకెన్ని చుట్లున్నయ్?" అంది.

"రెండు."

"కట్టు. కట్టి లే."

అతను కట్టాడు. పట్టీ కొస అతికించాడు. వేళ్ళు ఆడించమన్నాడు, ఆమె ఆడించింది. గోళ్ళ రంగు చూసి, చెయ్యి పెట్టి చల్లగా ఉన్నాయేమో చూశాడు. దిండు తెచ్చి మడమ కింద పెట్టాడు. ఏదో అనబోయి నిలబడ్డాడు.

సుక్కమ్మ గోడవైపు తిరిగింది.

*

మధ్యాహ్నమైంది. గుర్వయ్య అన్నం వండి తట్టలో పెట్టి మంచం పక్కన ఉంచాడు. ఆమె సగం తిని తట్ట నెట్టేసింది. కట్టు జారలేదు. నడిస్తే పొద్దుటికన్నా కాలు తేలికగా ఉంది. అది ఆమెకు ఇంకా కోపం తెప్పించింది.

పొద్దు వాలుతుండగా సుక్కమ్మ లేచి వాకిట్లోకి వచ్చింది. గుర్వయ్య గొర్రెపిల్లలను తల్లుల కిందికి విడుస్తున్నాడు.

"ఫోనియ్యి."

అతను జేబు తడుముకున్నాడు గానీ ఫోను బయటికి తియ్యలేదు.

"పిల్లకు చేస్తవా?"

"నిర్మలమ్మకు."

"సుక్కా, ఒక్కసారి ఆలోచన చెయ్యి. పిల్ల ఆడున్నది. రెండు నెలలల్ల కాన్పు. అయినంక చెప్దువు. రెండు నెలలకు ఏం మునుగుతది?"

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవు కద."

గుర్వయ్య చేతిలోని గొర్రెపిల్ల జారి కిందికి దూకింది. అతను దాన్ని తల్లి వైపు తోశాడు. తర్వాత చెయ్యి గొంగడికి తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి, నిర్మలమ్మ నంబరు తానే వెతికి నొక్కి, పెండ్లాం చేతికిచ్చాడు.

నాలుగుసార్లు మోగాక ఎత్తారు.

"ఎవరు?"

"నేను ఒదినె. సుక్కమ్మను."

"పిల్ల మంచిగనే ఉన్నది. తిన్నది."

"పిల్ల కోసం కాదు. నీ కోసం చేసిన. జర బయటికొచ్చి మాట్లాడు."

"నాతోని నీకేం పని?"

"నీ ఎడమ పాదం ఒదినె."

తలుపు దగ్గరికేసిన చప్పుడు వినిపించింది.

"నిన్ను ఇంటికొచ్చి తిట్టిన అని శాపం పెడ్తున్నవా?" నిర్మలమ్మ గొంతు తగ్గించి అంది.

"శాపం కాదు. నా కొడుకు మీద ఒట్టు. ఇప్పుడు సందె కద, బొటనేలు పెట్టి పాదం మీద ఒత్తి సూడు. గుంట పడి నిలిస్తె దవాఖానకు పో. ఇది గదే రోగం అని నేనంటలేను. గుండెకు బాగ లేకున్నా, కిడ్నీలకు బాగ లేకున్నా కాళ్ళు పొంగుతయని నర్సమ్మ చెప్పింది. నెత్తురు పరీక్ష చేస్తె తెలుస్తది. గదే అయితె మొదట్లనే గోళీలు మింగి, కడుక్కుంట, కట్టు కట్టుకుంటె నా లెక్క కాదు. నా లెక్క కావొద్దు ఒదినె. నాకు చెప్పెటోళ్ళు ఉండి గూడ చెప్పలే."

చివరి మాట అంటూ ఆమె గుర్వయ్య వైపు చూడలేదు. అతను విన్నాడని మాత్రం తెలుసు.

ఫోన్లో గాజులు కదిలిన చప్పుడు. ఊపిరి. ఆ తర్వాత దూరంగా త్రివేణి గొంతు.

"ఎవరమ్మా ఫోన్ల?"

"ఎవరో. రాంగ్ నంబర్."

నిర్మలమ్మ ఫోను పెట్టేస్తుందని సుక్కమ్మ ఎదురుచూసింది. పెట్టెయ్యలేదు. అడుగుల చప్పుడు దూరమయ్యాక నిర్మలమ్మ మాట్లాడింది. పొద్దున గడపలో నిలబడి అరిచిన మనిషి గొంతులా లేదు.

"రెండేండ్ల సంది ఉన్నది ఒదినె."

"రెండేండ్లా? ఎవరికన్న చూపించినవా?"

"ఎవరికి చూపియ్య? పిల్ల పెండ్లి అప్పుడు దాసిన. నీ కాలు సూసి గూడ ఈ సంబంధం ఒద్దనలే, ఎందుకనుకున్నవు? నాది బయటపడితె ఏ ఇంటోళ్ళన్న ఒద్దంటరని. మీ ఇంట్ల ఇదివరకే ఉన్నది గనక మీరు ఏమనరని." ఆమె ఆగింది. "పొద్దుగాల నా బిడ్డ చేతుల నీ కాలు సూస్తె నాకు పానం పోయింది. రేపు నాది గూడ గట్లనే పట్టుకోవాల్నా అనిపిచ్చింది."

సుక్కమ్మ దొడ్డి కంచె పట్టుకుంది.

"పిల్లకే చెప్పు ఒదినె. దానికన్న మంచిగ చేసెటోళ్ళు లేరు."

"చెప్పను. నువ్వు గూడ చెప్పొద్దు. కడుపుతోని ఉన్న పిల్ల, దిగులు పెట్టుకుంటది. నువ్వు చెప్పినవని తెలిస్తె మాత్రం..."

మాట పూర్తి చెయ్యకుండానే ఫోను కట్ చేసింది.

గుర్వయ్య దగ్గరికి వచ్చాడు. "ఏమన్నది?"

సుక్కమ్మ అతని మొహంలోకి చూసింది. కట్టు కట్టించుకున్నాక ఆ మొహం చూడటం ఇదే మొదలు. పదకొండేళ్ళ కిందట కాలువ గట్టు మీద ఈ మనిషి నోరు ఎందుకు పెగల్లేదో, ఆమెకు ఇష్టం లేకపోయినా, కొంచెం అర్థమైంది. దాంతో కోపం తగ్గలేదు. భయం మాత్రం పెరిగింది.

ఆమె ఏదో చెప్పేలోపే చేతిలో ఫోను మోగింది. గుర్వయ్య వంగి తెర మీది పేరు చదివాడు.

"త్రివేణి."

ఆరుసార్లు మోగింది. ఏడోసారికి సుక్కమ్మ ఎత్తింది.

"అత్తమ్మా" అంది త్రివేణి. గొంతు చిన్నగా ఉంది, గోడ పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టు. "మా అమ్మ పెరట్ల కూసొని పాదం ఒత్తుకుంట ఏడుస్తాంది. అడిగితె నడిచి నడిచి నొస్తాందంటది. ఇంతకుముందు ఫోన్ చేసింది నువ్వేనా?"

పక్కనే గుర్వయ్య కదలకుండా నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"చెప్పు అత్తమ్మా."